బోరు నీళ్లు, తాండూరు బండలు: ఇంట్లో చేసుకునే క్లీనర్లు నిజంగా పనిచేస్తాయా?

చిన్నిగాడి అమ్మ (మునుగోడు దగ్గర)
అందరికీ నమస్తే. పోయిన నెల హైదరాబాద్ నుంచి అత్తగారి ఊరికి వచ్చేశాం. పెద్ద ఇల్లు, బోరు నీళ్లు. నల్లాలకు, బకెట్లకు, బాత్‌రూమ్ టైల్స్‌కు తెల్లగా సున్నంలా పేరుకుపోయి ఉంది. మా అత్తమ్మ వారానికోసారి యాసిడ్ పోసి కడిగిస్తుంది. ఆ ఘాటుకు నాకు దగ్గు, మావాడికి కళ్లు ఎర్రబడటం. వాడికి ఏడాదిన్నర. నేల మీద ఏది కనబడితే అది నోట్లో పెట్టుకునే వయసు.

అందుకని యాసిడ్, ఫినాయిల్ మానేద్దామని వీడియోలు చూశాను. ఒకావిడ చెప్పినట్టు వెనిగర్, వంటసోడా, నిమ్మరసం మూడూ కలిపి స్ప్రే బాటిల్‌లో పోశాను. పోస్తుంటేనే బుసబుసా పొంగి సగం గట్టు మీద పోయింది. మిగిలింది నల్లాకు కొట్టి అరగంట రుద్దాను. చెయ్యి నొప్పి తప్ప ఏమీ కాలేదు. అత్తమ్మ ఏమీ అనలేదు, నవ్వుకుంటూ వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఇంకో మాట. మాకు మూడెకరాల బత్తాయి తోట ఉంది. తొక్కలకు కొదవ లేదు. వాటితో ఏమైనా చేసుకోవచ్చా?

కుంకుడు చెట్టు (అచ్చంపేట)
కుంకుడు కాయలు ఉండగా వీడియోలు ఎందుకక్కా. బట్టలకు, బోళ్లకు, నేలకు, తలకు అన్నిటికీ అదే. మా వైపు నల్లమలలో చెంచులు ఏరుకొచ్చి అమ్ముతారు, జీసీసీ (గిరిజన సహకార సంస్థ) వాళ్లు కూడా కొంటారు. పెద్ద షాపుల్లో ప్యాకెట్ల మీద పెట్టే డబ్బులో సగం పెడితే సంతలో దొరుకుతాయి.

గింజలు తీసేసిన పెచ్చులు 100 గ్రాములు లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున సన్న మంట మీద 20 నిమిషాలు కాచి, చల్లారాక బాగా పిసికి, పాత నూలు బట్టలో వడకట్టండి. చాయ్ డికాక్షన్ రంగులో వస్తుంది. అదే మీ క్లీనర్.

రిటైర్డ్ కెమిస్ట్రీ (మహబూబ్‌నగర్)
చిన్నిగాడి అమ్మగారూ, మీ తప్పేమీ లేదమ్మా. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు ఇదే ప్రయోగం చూపించాను. వెనిగర్ ఆమ్లం, వంటసోడా క్షారం. రెండూ కలిస్తే ఒకదాని పని ఒకటి పాడుచేసుకుంటాయి. పొంగింది కార్బన్ డయాక్సైడ్, ఎగిరిపోయింది. సీసాలో మిగిలింది సోడియం ఎసిటేట్ అనే ఉప్పు కలిసిన నీళ్లు. దాంతో నల్లా రుద్దితే మామూలు నీళ్లతో రుద్దినట్టే. పొంగు చూసి ఏదో జరుగుతోందని జనం అనుకుంటారు. జరిగేది సీసాలోనే, మురికి మీద కాదు.

విడివిడిగా అయితే రెండూ పనికొస్తాయి. సున్నం పొరకు పులుపు కావాలి. నూనె జిడ్డుకు సోడా కావాలి. మీ నాయనమ్మలకు సూత్రం తెలియకపోయినా పని తెలుసు. ఇత్తడి బిందెకు చింతపండు పెట్టారు, జిడ్డు గంజుకు బూడిద పెట్టారు. ఇత్తడి పైన పట్టే మసక పులుపుకు కరుగుతుంది. కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటుంది, అది జిడ్డును కొంత సబ్బుగా మారుస్తుంది.

ఇప్పుడు నాకు రెండు సంగతులు చెప్పండి. మురికి ఏమిటి? కింద ఉన్న బండ ఏమిటి?

చిన్నిగాడి అమ్మ
సార్, హాల్లో, వరండాలో పసుపు రంగు తాండూరు బండలు. వంటింట్లో నల్ల గ్రానైట్ గట్టు. బాత్‌రూమ్‌లో టైల్స్. మురికి అంటే నల్లాల సున్నం, వంటింటి గోడ మీద నూనె జిడ్డు, హాల్లో మావాడు పోసే పాలు, పప్పు, ఇంకా చెప్పలేనివి.

మిర్యాలగూడ వదిన
తాండూరు బండలా! అమ్మా, వాటి మీద పులుపు మాత్రం పోయకు. పోయిన దసరాకు నేను చేసిన ఘనకార్యం విను. పాలిష్ చేసిన బండలు, ఇంకా మెరవాలని ఐదారు నిమ్మకాయలు పిండి నీళ్లలో కలిపి హాలంతా తుడిచాను. ఒకచోట చిప్ప బోర్లాపడి రసం చిక్కగా నిలిచింది, నేను చూడలేదు. ఆరాక అక్కడ అరచేయంత తెల్ల మచ్చ. చేత్తో తడిమితే గరుకు. సబ్బుతో, నూనెతో ఏం చేసినా పోలేదు. ఇప్పుడు దాని మీద పట్టా వేసి పైన బీరువా జరిపాం. వచ్చిన ప్రతివాళ్లూ "బీరువా ఇక్కడెందుకు పెట్టారు" అని అడుగుతారు.

బండల మేస్త్రీ (సూర్యాపేట)
వదినగారూ, బీరువా తీయండి, మళ్లీ పాలిష్ పట్టిస్తే పోతుంది. అది మరక కాదు, రాయే కరిగింది. తాండూరు, షాబాద్, కడప బండ, ఇవన్నీ సున్నపురాయి జాతి. మార్బుల్ కూడా అంతే. నిమ్మకాయ, వెనిగర్, చింతపండు, యాసిడ్ ఏది పడినా పై మెరుపు పోతుంది. గ్రానైట్‌కు అంత భయం లేదు.

తెలియని బండ అయితే మూలకు, బీరువా కిందో తలుపు వెనకో, ఒక్క చుక్క నిమ్మరసం వేసి ఐదు నిమిషాలు ఆగి తుడవండి. అక్కడ మసకబారితే దానికి పులుపు పనికిరాదు.

ఇంకోటి, యాసిడ్ గురించి. మా పనివాళ్లే బండలు పరిచాక సిమెంట్ మరకలు పోవాలని యాసిడ్ పోసి కడుగుతారు, నేను ఎన్నిసార్లు తిట్టానో. టైల్‌కు ఏమీ కాకపోయినా మధ్య సందుల్లో సిమెంట్‌ను అది తింటుంది. వారానికోసారి పోసే బాత్‌రూముల్లో రెండు మూడేళ్లకే సందులు గుంతలు పడి నీళ్లు లోపలికి దిగుతాయి. మీ అత్తమ్మగారికి ఆ సందులు ఒకసారి గోరుతో గీకి చూపించండి. పిల్లవాడి కళ్ల ఎరుపు కన్నా బాత్‌రూమ్ రిపేరు ఖర్చు అంటే పెద్దవాళ్లు తొందరగా వింటారు.

రూమ్ నంబర్ 6 (జడ్చర్ల)
ఇంత చర్చ దేనికి? మా రూమ్‌లో 4 గురం బ్యాచిలర్లం. నెలకోసారి యాసిడ్ పోస్తాం, ఐదు నిమిషాల్లో తెల్లగా అయిపోతుంది. నాచురల్ అంటూ రోజంతా పిసుకుతూ కూర్చుంటారా?

ఏఎన్ఎం అక్క (దేవరకొండ)
తమ్మీ, యాసిడ్ పోసిన రోజు బ్లీచింగ్ పౌడర్ కూడా వేస్తారా?

రూమ్ నంబర్ 6
...ఒకసారి వేశాం. యాసిడ్ పోసి, ఇంకా మురికి ఉందని పైన బ్లీచింగ్ చల్లాం. పొగ లేచింది. ఒకడు లోపలే ఉన్నాడు, తలుపు తీసుకుని బయటపడ్డాడు. వాడికి రెండు రోజులు దగ్గు తగ్గలేదు. వాసనకే అనుకున్నాం.

ఏఎన్ఎం అక్క
అది వాసన కాదు, క్లోరిన్ వాయువు. ఊపిరితిత్తులను కాలుస్తుంది. చిన్న బాత్‌రూమ్, కిటికీ మూసి ఉంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇది యాసిడ్‌తోనే కాదు, అందరూ వినండి: బ్లీచింగ్‌లో వెనిగర్ కలిపినా, నిమ్మ ఉప్పు కలిపినా అదే వాయువు వస్తుంది. "నాచురల్" అని రాసి ఉన్నంత మాత్రాన పులుపు పులుపు కాకుండా పోదు. ఒకరోజు ఒకటే వాడండి. నీళ్లతో బాగా కడిగి, ఇంకోరోజు ఇంకోటి.

రూమ్ నంబర్ 6
సరే అక్కా. సందులు గోరుతో గీకి చూశాను. మేస్త్రీ అన్న చెప్పినట్టే ఇసుక రాలుతోంది. ఓనర్‌కు చెప్పను.

రిటైర్డ్ కెమిస్ట్రీ
ఇక నల్లాల సంగతి. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. నీళ్లు ఆరినచోట అవి కార్బొనేట్‌గా గడ్డకడతాయి. కిరాణా షాపులో "నిమ్మ ఉప్పు" అని అడగండి, అంటే సిట్రిక్ యాసిడ్. వెనిగర్ కన్నా చవక, వాసన ఉండదు, డబ్బాలో ఎన్నాళ్లయినా ఉంటుంది. లీటరు వేడి నీళ్లలో ఒక పెద్ద చెంచా, అంటే సుమారు 15 గ్రాములు కలపండి. పాత బట్ట ముంచి నల్లాకు చుట్టి 15, 20 నిమిషాలు వదిలేయండి. ఆ తర్వాత పాత బ్రష్‌తో తోమి నీళ్లతో కడగండి. మొండిగా ఉంటే ఇంకోసారి. రాత్రంతా ఉంచవద్దు, నల్లా మీద మెరుపు పూత పోతుంది. చుక్కలు తాండూరు బండ మీద పడకుండా చూసుకోండి. బకెట్లకు, స్టీలు కెటిల్‌కు, షవర్ రంధ్రాలకు కూడా ఇదే.

పిల్లవాడికి అందకుండా పైన పెట్టండి. పంచదారలాగే ఉంటుంది. డబ్బా మీద పేరు రాసి పెట్టాలి. మా ఇంట్లో ఒకసారి చాయ్‌లో పడింది.

బత్తాయి రైతు (నకిరేకల్ వైపు)
సార్, ఒక అనుమానం. ఆ తెల్ల పొరే ఫ్లోరైడ్ అని మా ఊళ్లో అందరం అనుకుంటాం. దాన్ని పులుపుతో తీసేస్తే నీళ్లు మంచివైనట్టే కదా?

రిటైర్డ్ కెమిస్ట్రీ
కాదు బాబూ. ఇది మన జిల్లాల్లో చాలామందికి ఉన్న పొరపాటు. తెల్ల పొర ఎక్కువగా సున్నమే. ఫ్లోరైడ్ కంటికి కనిపించదు, రుచి తెలియదు. పొర పట్టని నీళ్లలోనూ ఎక్కువ ఉండవచ్చు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది. కాచినా పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

మీ జిల్లా పేరు మీదే ఒక పద్ధతి ఉంది, "నల్లగొండ టెక్నిక్". నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు రూపొందించారు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ లెక్క ప్రకారం కలిపి, అడుగుకు దిగాక పైన తేటనీళ్లు తీసుకుంటారు. నీళ్లను బట్టి మోతాదు మారుతుంది, అందుకే ఇంట్లో అంచనాగా వేసుకునేది కాదు. తాగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడుకోండి. బోరు నీళ్లు కడుక్కోవడానికి సరిపోతాయి.

కుంకుడు చెట్టు
మా అవ్వ బురద నీళ్ల కుండ లోపల చిల్ల గింజ అరగదీసేది. గంటలో తేట అయ్యేవి. ఫ్లోరైడ్‌కు కాదులెండి, బురదకు. గుర్తొచ్చి చెప్పాను.

చిన్నిగాడి అమ్మ
సార్, నల్లా మెరుస్తోంది!! 20 రూపాయల నిమ్మ ఉప్పుతో. అత్తమ్మ వచ్చి చూసి "నీళ్ల మోటార్ గదిలో నల్లా కూడా చెయ్యి" అంది. అంటే ఒప్పుకున్నట్టే.

కానీ బట్టల సబ్బు అసలు నురగ రావడం లేదు. తెల్ల తెల్లగా విరిగి బట్టలకు అంటుకుంటోంది. మావాడి బట్టలు గట్టిగా అట్టల్లా ఉన్నాయి.

రిటైర్డ్ కెమిస్ట్రీ
అదీ ఆ కాల్షియం పనే. సబ్బుతో కలిసి నీళ్లలో కరగని ముద్ద అవుతుంది. కుంకుడులో నురగ ఇచ్చేవి సపోనిన్లు, అవి కాల్షియంతో అలా ముద్ద కట్టవు. అందుకే ఉప్పు నీళ్ల ఊళ్లలో తలకు సబ్బు కన్నా కుంకుడే హాయిగా ఉండేది. సబ్బే వాడాలంటే ముందు బకెట్ నీళ్లలో రెండు చెంచాల చాకలి సోడా వేసి పది నిమిషాలు ఆగండి, కాస్త అడుగుకు దిగుతుంది. పై నీళ్లలో సబ్బు వేస్తే నురగ వస్తుంది. చివరి జాడింపు మంచి నీళ్లతో చేయండి.

చాకలి సోడా వేరు, వంటసోడా వేరు. చాకలి సోడా ఘాటు, చేతులు పగులుతాయి, చేతి తొడుగులు వేసుకోండి. సత్తు (అల్యూమినియం) గిన్నెలకు పెడితే నల్లబడతాయి.

పాతకాలం మంచిది (కల్వకుర్తి)
వెనకటికి చాకలివాళ్లు చౌడు మట్టి తెచ్చి, బట్టలు అందులో ముంచి, ఉబ్బ వేసేవాళ్లు. ఆవిరికి మురికంతా ఊడొచ్చేది. ఏ పౌడరూ లేదు. ఇంటి ముందు సాన్పి (పేడ నీళ్ల కళ్లాపి), లోపల పేడతో అలుకు. ఇప్పుడు చిన్నిగాడి ఇంట్లో కూడా అలుకు పెట్టండమ్మా, దాన్ని మించిన నాచురల్ లేదు.

ఏఎన్ఎం అక్క
ఉబ్బ సంగతి బాగుంది. ఆ చౌడు మట్టిలో ఉన్నదీ ఒక రకం సోడానే. కానీ పాకే పిల్లాడున్న గదిలో పేడ అలుకు వద్దు. పేడలో ధనుర్వాతం క్రిములు ఉండవచ్చు. వాకిట్లో సాన్పి చల్లుకోండి, ఎవరూ కాదనరు.

అలాగే ఇంకొకరు తుడిచే నీళ్లలో కర్పూరం కలపమని పక్క చర్చలో రాశారు. వాసన బాగుంటుంది, చీమలు రావంటారు. కానీ చిన్న పిల్లలు కర్పూరం బిళ్ల మింగితే ఫిట్స్ వస్తాయి. పూజ గదిలో ఉన్నది కూడా పైన పెట్టండి.

బత్తాయి రైతు
చిన్నిగాడి అమ్మా, మీరు అడిగిన తొక్కల సంగతికి ఇప్పుడు వస్తున్నా. మేం మూడేళ్లుగా చేస్తున్నాం. బయో ఎంజైమ్ అంటారు. థాయ్‌లాండ్‌లో మొదలై అందరికీ పాకిందట. లెక్క గుర్తుపెట్టుకోవడం తేలిక: 1, 3, 10. బెల్లం 100 గ్రాములు, బత్తాయి తొక్కలు 300 గ్రాములు, నీళ్లు లీటరు. నల్లబెల్లమైనా పర్వాలేదు. నీళ్లు భగీరథవి పోస్తే మంచిది. రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో పోసి, పైన ఖాళీ వదలాలి. నీడలో మూడు నెలలు.

మొదటి నెల రోజూ ఒకసారి మూత తీసి గ్యాస్ వదలాలి. ఇది మరిచిపోతే ఏమవుతుందో చెప్తా. మా చెల్లె పెళ్లి హడావుడిలో నాలుగు రోజులు మరిచిపోయాం. సీసా స్టోర్ రూమ్‌లో ఉంది. పెళ్లికి తెచ్చిన బియ్యం బస్తాలూ అక్కడే. రాత్రి పెద్ద శబ్దం, బాపు పిల్లి అనుకుని కట్టె పట్టుకుని పోయిండు. గోడకు, పైకప్పుకు, బస్తాల మీద తొక్కలు. వాసన పది రోజులు పోలేదు. గాజు సీసా అయితే ఇంకేమన్నా ఉందా. అందుకే ప్లాస్టిక్‌దే, గాజుది ఎప్పుడూ వద్దు.

పైన తెల్ల పొర వస్తే భయం లేదు. నల్ల బూజు వస్తే పారబోయండి. మూడు నెలలకు వడకట్టి, బాత్‌రూమ్ టైల్స్‌కు, సింక్‌కు, నూనె అంటిన గ్యాస్ గట్టుకు వాడుకోవచ్చు. పిప్పి చెట్ల మొదట్లో వేస్తాం.

రిటైర్డ్ కెమిస్ట్రీ
మంచి వివరం. ఒక్క అభ్యంతరం. అందులో పనిచేసేది ఎక్కువగా ఎంజైములు కావు బాబూ, పులిసినప్పుడు పుట్టే ఆమ్లాలు. బత్తాయి వాసన గల పలచటి వెనిగర్ అనుకోండి. మూడు నెలలు ఆగి చేసుకునే దాని పని, నిమ్మ ఉప్పు ఇరవై నిమిషాల్లో చేస్తుంది.

బత్తాయి రైతు
సార్, పేరు ఏదైతేనేం. మార్కెట్‌లో రేటు లేనప్పుడు రాలిన కాయలు చెట్ల కిందే కుళ్లిపోతుంటే చూస్తూ ఊరుకోలేక మొదలుపెట్టాం. నిమ్మ ఉప్పు కొనాలి, ఇది మా ఇంట్లోదే. మా అమ్మ దీంతో కడిగిన సింక్‌లో చేయి పెట్టి "యాసిడ్ లెక్క మంట లేదు" అంటది. నాకు అది చాలు.

రిటైర్డ్ కెమిస్ట్రీ
ఆ లెక్కన సరే. ఒప్పుకుంటున్నాను. తాండూరు బండ మీద మాత్రం అదీ వద్దు. బకెట్ నీళ్లలో కొద్దిగానే కలిపినా రోజూ అంటే రోజూ పులుపే.

బండల మేస్త్రీ
ఔను. తాండూరు బండలకు ఉత్త నీళ్లు, జిడ్డు ఉంటే గోరువెచ్చని నీళ్లలో కొంచెం కుంకుడు రసం. అంతే. ఆర్‌ఓ మిషన్ వదిలేసే నీళ్లతో తుడవకండి, అందులో లవణాలు ఇంకా ఎక్కువ. ఆరాక తెల్లగా చారలు వస్తాయి. చాలా ఇళ్లల్లో "బండ బాగాలేదు" అని నన్ను పిలుస్తారు, చూస్తే ఆ నీళ్ల పనే.

చిన్నిగాడి అమ్మ
అయ్యో, మేం రోజూ వాటితోనే తుడుస్తున్నాం. నీళ్లు వృథా కాకూడదని.

బండల మేస్త్రీ
బాత్‌రూమ్‌లో ఫ్లష్‌కు పోయండి. వృథా కాదు.

తాంబాలం (నల్లగొండ)
బతుకమ్మ దగ్గరపడుతోంది, ఇత్తడి సంగతి ఎవరూ ఎత్తలేదు. మా ఇంట్లో మూడు తాంబాలాలు, ఒక గంగాళం. చింతపండు పులుసు పిసికాక మిగిలిన పిప్పి డబ్బాలో వేసి ఫ్రిజ్‌లో దాస్తాను. వారం పిప్పి ఉంటే ఒక తాంబాలానికి సరిపోతుంది. కొంచెం ఉప్పు కలిపి రుద్దితే నల్లదనం అక్కడికక్కడే విడుతుంది. వెంటనే కడిగి, పొడి బట్టతో తుడిచేయాలి. తడి వదిలేస్తే రెండో రోజుకే మచ్చలు.

మా అత్తమ్మ ఇటుక పొడి పెట్టేది. మెరిసేది నిజమే, కానీ చెంబు మీద చెక్కిన పేర్లు అరిగిపోయాయి. మా ఆయన తాతగారి పేరులో ఇప్పుడు రెండు అక్షరాలే ఉన్నాయి. ఇప్పుడు షాపుల్లో దొరికే లక్క పూత ఇత్తడికి మాత్రం చింతపండు పెట్టకండి, పూత పొరలుగా లేస్తుంది.

మగ్గం ఇల్లు (గద్వాల)
పట్టుచీరల గురించి ఒక మాట. సోడా, బట్టల పౌడర్ పట్టుకు శత్రువులు. పట్టు కూడా మన వెంట్రుకలాంటిదే, క్షారానికి పెళుసు బారుతుంది. కుంకుడు రసం పట్టుకు హాని చేయదు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు కొంగు పట్టు. అంచు ముదురు రంగు, ఒళ్లు లేత రంగు. నానబెడితే అంచు రంగు ఒంటికి పాకుతుంది. అందుకని మొదటి రెండు మూడు సార్లు డ్రైవాష్‌కే ఇవ్వండి. ఆ తర్వాత బాగా వడకట్టి పలచన చేసిన కుంకుడు నీళ్లలో ముంచి తీయడమే, నానబెట్టవద్దు, పిండవద్దు. నీడలో ఆరేయాలి. వడకట్టని రసం తెల్ల నూలుకు పసుపు రంగు మరక వేస్తుంది. జరీకి నిమ్మరసం, చింతపండు పెడితే మెరుస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

డ్యూటీ రెండు షిఫ్టులు (నాగర్‌కర్నూల్)
ఇదంతా చదివాను. చింతపండు పిప్పి దాచాలి, కుంకుళ్లు కాచాలి, రోజూ సీసా మూత తీయాలి. బాగానే ఉంది. చేసేది ఎవరు? పొద్దున 6కు బస్సెక్కి రాత్రి 8కి ఇల్లు చేరే నాలాంటిదానికి 5 నిమిషాల్లో అయ్యేది చెప్పండి. లేదంటే ఈ నాచురల్ అంతా ఆడవాళ్ల నెత్తిన ఇంకో గంట పని.

మిర్యాలగూడ వదిన
నిజమే చెల్లే. నేను రెండే పెట్టుకున్నా. ఒక డబ్బాలో నిమ్మ ఉప్పు, ఇంకో డబ్బాలో చాకలి సోడా. సున్నానికి అది, జిడ్డుకు ఇది. కాచేది లేదు, దాచేది లేదు. మిగతావి పండగకు, అదీ మా ఆయన సెలవు పెట్టినప్పుడు. ఆయనే కడుగుతాడు, నేను చూపిస్తా.

డ్యూటీ రెండు షిఫ్టులు
ఆ చివరిది ఎక్కడ దొరుకుతుంది వదినా?

ఏఎన్ఎం అక్క
ఒకటి మిగిలింది. ఇవన్నీ మురికిని తీస్తాయి. క్రిములను చంపుతాయని నమ్మకం పెట్టుకోవద్దు. మామూలు రోజుల్లో మురికి పోతే చాలు. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయితే మాత్రం కుంకుడు, నిమ్మ ఉప్పు పక్కన పెట్టండి. ముందు మురికి కడిగేసి, లీటరు నీళ్లకు 15 గ్రాముల కొత్త బ్లీచింగ్ పౌడర్ కలిపి బాత్‌రూమ్‌లో పోసి, పది నిమిషాలు ఆగి కడగండి. కిటికీ తెరిచి, పిల్లాణ్ని వేరే గదిలో ఉంచి. మూత తీసి ఎన్నాళ్లో అయిన పౌడర్‌కు బలం ఉండదు.

చిన్నిగాడి అమ్మ (మూడు వారాల తర్వాత)
అందరికీ చెప్పాల్సింది చాలా ఉంది. యాసిడ్ ఆగిపోయింది. మేస్త్రీ అన్న చెప్పిన మందు పనిచేసింది. సందులు గీకి చూపించగానే అత్తమ్మే మిగిలిన యాసిడ్ సీసాలు కొట్టువాడికి వాపసు ఇచ్చింది. నల్లాలు వారానికోసారి నిమ్మ ఉప్పు బట్ట. ఆర్‌ఓ నీళ్లు ఫ్లష్‌కు. వారంలోనే కొత్త చారలు రావడం ఆగింది.

వంటింటి గోడ జిడ్డుకు కుంకుడు పెద్దగా పనిచేయలేదు, అబద్ధం ఎందుకు. వేడి నీళ్లలో చాకలి సోడా కలిపి బట్టతో తుడిస్తే పోయింది. బూడిద కూడా ప్రయత్నించాను, కానీ మా పొయ్యిలో పాలకవర్లు కూడా వేస్తారని తర్వాత తెలిసింది, మానేశాను.

కుంకుడు రసం ఒకేసారి రెండు లీటర్లు చేసి బయట పెట్టాను. మూడో రోజుకు పుల్ల వాసన, పైన నురగ. పారబోద్దామని పెరట్లో గోలెం దగ్గరకు పోతుంటే అత్తమ్మ కేక వేసింది.

కుంకుడు చెట్టు
అయ్యో అది చెప్పడం మరిచాను. బయట రెండు రోజులే. ఫ్రిజ్‌లో అయితే వారం. ఎక్కువ చేస్తే ఐస్ ట్రేలో గడ్డ కట్టించుకోండి, కావలసినప్పుడు రెండు గడ్డలు వేసుకోవచ్చు. గోలెంలో చేపలున్నాయా?

చిన్నిగాడి అమ్మ
దోమలు పెరగకుండా మా మామయ్య వదిలిన చిన్న చేపలు. కుంకుడు నీళ్లు పడితే చేపలు తేలతాయని అత్తమ్మకు తెలుసట.

కుంకుడు చెట్టు
తెలుస్తుంది. వెనక చేపలు పట్టడానికి వాడేవాళ్లు అలాంటివి. చెరువులో, బావిలో అసలు పోయవద్దు. చెట్లకు పోస్తే ఏమీ కాదు.

రూమ్ నంబర్ 6
నేనూ నిమ్మ ఉప్పు తెచ్చాను. పనిచేస్తోంది. కానీ మా రూమ్‌మేట్ ఒకడు దాన్ని పంచదార అనుకుని నిమ్మరసంలో వేసుకున్నాడు. సార్ చెప్పినట్టు పేరు రాయలేదు.

రిటైర్డ్ కెమిస్ట్రీ
రుచి ఎలా ఉందట?

రూమ్ నంబర్ 6
"నిమ్మకాయ బాగా పండింది" అన్నాడు సార్.

మిర్యాలగూడ వదిన
నా బీరువా జరిపించాను. పాలిష్ అతను వచ్చే ఆదివారం వస్తానన్నాడు. చిన్నిగాడి అమ్మా, సీసా సంగతి ఏమైంది? బత్తాయిది?

చిన్నిగాడి అమ్మ
రెండు సీసాలు పెట్టాను, అటక కింద. రంగు మారింది, వాసన పుల్లగా బాగుంది. ఇంకా రెండు నెలల పైనే ఆగాలి. ఈలోగా ఒకటి కనిపెట్టాను. మావాడు ఫ్రిజ్‌కు అంటించిన స్టిక్కర్ల జిగురు పచ్చి బత్తాయి తొక్కతో రుద్దితే వచ్చేసింది.

రిటైర్డ్ కెమిస్ట్రీ
తొక్కలో నూనె ఉంటుందమ్మా, జిగురును అది కరిగిస్తుంది. దానికి మూడు నెలలు ఆగనక్కర్లేదు.

బత్తాయి రైతు
అక్కా, అవన్నీ సరే. రెండు రోజుల నుంచి మీరు ఇక్కడే రాస్తున్నారు. ఇవాళ సీసాల మూత తీశారా?

చిన్నిగాడి అమ్మ
లేదు. నిన్న కూడా లేదు. పోతున్నా.